వృషణాలు కింద ఉన్నప్పుడు శుక్రవాహిక పొట్టలోకి ఎందుకు వెళ్తుంది?

ప్రశ్న (జీవశాస్త్ర బోధకురాలు):

నమస్కారం. పురుష ప్రత్యుత్పత్తి వ్యవస్థ పాఠం చెప్పేటప్పుడు విద్యార్థులు అడిగే కొన్ని ప్రశ్నలకు పాఠ్యపుస్తకంలోని బొమ్మ సమాధానం ఇవ్వడం లేదు. భాగాల పేర్లన్నీ అందులో ఉంటాయి గానీ, అవి ఆ విధంగా ఎందుకు అమరి ఉన్నాయో దాన్ని చూసి చెప్పడం సాధ్యం కాదు.

మొదటి ప్రశ్న శుక్రవాహిక గురించి. వృషణం వృషణకోశంలో ఉంటుంది. శుక్రకణాలు చివరికి చేరవలసిన మూత్రమార్గం దానికి ఎదురుగా, కొద్ది సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. అయినా శుక్రవాహిక గజ్జదాకా పైకి ఎక్కి, పొట్ట కండరాల గుండా లోపలికి వెళ్లి, మూత్రాశయం పక్కగా వెనక్కి తిరిగి, మళ్లీ కిందికి దిగి ప్రోస్టేట్ గ్రంథిలో మూత్రమార్గాన్ని కలుస్తుంది. ఇంత చుట్టుదారి వల్ల ప్రయోజనం ఏమిటని ఒక అబ్బాయి అడిగాడు. ప్రయోజనం ఏదో ఉండే ఉంటుందని ఊహించి చెప్పడానికి నాకు మనసు ఒప్పలేదు.

రెండవది, వృషణానికి దెబ్బ తగిలితే నొప్పి పొట్టలో, బొడ్డు దగ్గర ఎందుకు తెలుస్తుంది, వాంతి వచ్చినట్లు ఎందుకు ఉంటుంది అన్నది. మూడవది కొంచెం బిడియంగా అడిగిన ప్రశ్న: శుక్రవాహికను కత్తిరించి ముడివేసే శస్త్రచికిత్స, అంటే వాసెక్టమీ, చేయించుకున్నవారికి మగతనం తగ్గుతుందా, వీర్యం రావడం ఆగిపోతుందా? దీనికి నిర్మాణపరంగానే సమాధానం చెప్పగలిగితే పిల్లల మనసులో అనుమానం మిగలదని నా ఉద్దేశం. తెలిసినవారు దయచేసి వివరించగలరు.


సమాధానం 1 (శరీర నిర్మాణ శాస్త్ర అధ్యాపకుడు):

మీ మొదటి రెండు ప్రశ్నలకూ మూలం ఒక్కటే. వృషణం ఇప్పుడు ఉన్న చోట పుట్టిన అవయవం కాదు. గర్భంలో ఉన్న శిశువులో అది పొట్ట వెనుక గోడకు ఆనుకుని, మూత్రపిండాల దగ్గర రూపుదిద్దుకుంటుంది. దాదాపు ఏడవ వారంలో అది వృషణంగా గుర్తించదగిన స్థితికి వస్తుంది. అక్కడి నుంచి క్రమంగా జారి, మూడవ నెల తర్వాత గజ్జ దగ్గరి లోపలి ద్వారం వద్ద కొంతకాలం నిలిచి, సుమారు ఏడవ నెలలో పొట్ట గోడలోని ఇంగ్వైనల్ కాలువ గుండా బయటికి వచ్చి, పుట్టే సమయానికి సాధారణంగా వృషణకోశంలోకి చేరుతుంది. వృషణానికీ వృషణకోశానికీ మధ్య ఉండే గుబర్నాక్యులం అనే కణజాలపు బంధం ఈ ప్రయాణానికి దారి చూపుతుంది.

బావిలోకి దిగే చేదతో పాటు తాడు సాగినట్లు, వృషణం దిగిన కొద్దీ దాని రక్తనాళాలు, నరాలు, లింఫ్ నాళాలు కూడా పొడవు సాగుతూ వెంట వచ్చాయి. అందుకే పెద్దవాళ్లలో కూడా వృషణ ధమని తొడ దగ్గరో గజ్జ దగ్గరో మొదలు కాదు. మూత్రపిండ ధమనులకు కాస్త దిగువన, నడుము ప్రాంతపు రెండవ వెన్నుపూస ఎత్తులో, నేరుగా బృహద్ధమని నుంచి బయలుదేరి అంత దూరమూ కిందికి ప్రయాణిస్తుంది. అవయవం స్థానం మారినా రక్తం అందే చోటు మారలేదు.

ఇప్పుడు శుక్రవాహిక సంగతి చూద్దాం. గర్భస్థ శిశువులో శాశ్వత మూత్రపిండం తయారయ్యేలోగా కొంతకాలం పనిచేసే మధ్యకాలపు మూత్రపిండం ఒకటి ఉంటుంది. దానికి ఒక నాళం ఉంటుంది. వోల్ఫియన్ నాళం అంటారు. ఆ మూత్రపిండం క్షీణించిపోయాక, ఆడశిశువులో ఈ నాళం కూడా చాలావరకు కనుమరుగవుతుంది. మగశిశువులో మాత్రం వృషణం నుంచి వచ్చే టెస్టోస్టిరాన్ దాన్ని నిలబెడుతుంది. ఎపిడిడిమిస్ (వృషణం వెనుక చుట్టలు చుట్టుకుని ఉండే నాళం), శుక్రవాహిక, శుక్రాశయం, స్ఖలన నాళం ఈ ఒక్క నాళం నుంచే ఏర్పడతాయి. మూత్రం కోసం ఏర్పడిన నాళం కనుక దాని కింది కొన మొదటి నుంచీ మూత్రవ్యవస్థకే తగులుకుని ఉంటుంది. పురుషుడిలో మూత్రానికీ వీర్యానికీ చివరి దారి ఒకటే కావడానికి కారణం ఈ చరిత్రే.

ఆ నాళం ఒక కొన మూత్రాశయం వెనుక స్థిరంగా ఉండిపోయింది. రెండవ కొన వృషణంతో పాటు పొట్ట ముందుగోడ గుండా బయటికి వెళ్లింది. ఈ రెండు కొనలనూ కలుపుతూ సాగిన నాళం పొట్టలోపలి నుంచి కాక వేరే దారిన వెళ్లే అవకాశమే లేదు. పై నుంచి దిగి మూత్రాశయంలోకి చేరే మూత్రనాళం మీదుగా శుక్రవాహిక దాటిపోవడం కూడా ఇందువల్లనే. శవపరిచ్ఛేదం చేసే విద్యార్థికి ఆ దాటుడు చాలా స్పష్టంగా కనిపిస్తుంది: మెత్తగా, పలుచగా ఉన్న మూత్రనాళం అడుగున, గట్టిగా, గుండ్రంగా ఉన్న శుక్రవాహిక పైన. కాబట్టి ఆ అబ్బాయితో, ఈ చుట్టుదారికి ప్రయోజనం ఉందని కాకుండా, దీనికి చరిత్ర ఉందని చెప్పండి. ప్రయోజనం ఊహించి చెప్పకపోవడం మంచిదైంది.

నొప్పి విషయానికి వస్తే, వృషణానికి నరాల సరఫరా కూడా పాత చోటి నుంచే వస్తుంది. అది ప్రధానంగా ఛాతీ ప్రాంతపు పదవ వెన్నుభాగం. బొడ్డు చుట్టూ ఉన్న చర్మం నుంచి స్పర్శజ్ఞానం చేరేది కూడా ఆ భాగానికే. రెండు చోట్ల నుంచి వచ్చే సంకేతాలు వెన్నుపాములో ఒకే మట్టంలో చేరడం వల్ల మెదడు వృషణం నొప్పిని పొట్టకు ఆపాదిస్తుంది. లోపలి అవయవాల నొప్పులన్నింటి లాగానే ఇది కూడా స్వయంచాలిత నాడుల వెంట పోతుంది గనుక వికారం, చెమట, వాంతి తోడవుతాయి. వృషణకోశపు చర్మం మాత్రం స్థానికమైనది. దాని మీద గీరుకుపోతే అక్కడే మండుతుంది, పొట్టలో తెలియదు. మూత్రపిండంలో రాయి ఉన్నవారికి నొప్పి నడుము నుంచి గజ్జకు, వృషణానికి పాకడం కూడా ఈ నరాల చుట్టరికం వల్లే.


సమాధానం 2 (మూత్రవ్యాధుల శస్త్రవైద్యుడు):

మాస్టారు చెప్పిన ఈ ప్రయాణం మా వృత్తిలో ప్రతిరోజూ ఎదురవుతుంది. పాఠంలో చెప్పదగిన విషయాలు కొన్ని జతచేస్తాను.

వృషణం దిగేటప్పుడు ఉదరపు లోపలి పొర కూడా ఒక సంచిలా దానితో పాటు వృషణకోశంలోకి దిగుతుంది. తర్వాత ఆ సంచి మెడ మూసుకుపోవాలి. మూసుకోకుండా వెడల్పుగా మిగిలితే పేగు అందులోకి జారి హెర్నియా అవుతుంది. ద్రవం మాత్రమే పట్టేంత సన్నగా మిగిలితే పసిపిల్లల్లో కనిపించే హైడ్రోసిల్, అంటే వరిబీజం, అవుతుంది. కుడి వృషణం ఎడమదానికన్నా ఆలస్యంగా దిగుతుంది. పిల్లల్లో ఇలాంటి హెర్నియా కుడివైపు ఎక్కువగా కనిపించడానికి దీన్నే కారణంగా చెబుతారు.

కొందరిలో వృషణం దారి మధ్యలోనే నిలిచిపోతుంది. నెలలు నిండి పుట్టిన మగశిశువుల్లో సుమారు 3 శాతం మందిలో ఇలా ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టినవారిలో ఇంకా ఎక్కువ. చాలామందిలో మొదటి కొన్ని నెలల్లో అదే దిగుతుంది. ఆరు నెలలు దాటినా దిగకపోతే తనంతట తాను దిగే అవకాశం తక్కువ. అటువంటప్పుడు 6 నుంచి 18 నెలల వయసులోపు శస్త్రచికిత్సతో కిందికి తెచ్చి కుట్టడం మంచిది. పెద్దయ్యాక చూసుకోవచ్చని వాయిదా వేస్తే శుక్రకణాల ఉత్పత్తి దెబ్బతింటుంది. క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది.

సిరల విషయంలో కుడి ఎడమలకు తేడా ఉంది, విద్యార్థులకు ఇది ఆసక్తి కలిగిస్తుంది. కుడి వృషణ సిర నేరుగా అధో మహాసిరలో ఏటవాలుగా కలుస్తుంది. ఎడమది మాత్రం ఇంకా పైకి వెళ్లి ఎడమ మూత్రపిండ సిరలో దాదాపు లంబకోణంలో కలుస్తుంది. పొడవాటి రక్తస్తంభం, ఎక్కువ ఒత్తిడి, నిటారుగా చేరే కూడలి ఇవన్నీ కలిసి ఎడమవైపు సిరలు ఉబ్బడానికి దోహదం చేస్తాయి. వేరికోసిల్ అనే ఈ ఉబ్బు సుమారు 15 శాతం మంది పురుషుల్లో ఉంటుంది, అత్యధికంగా ఎడమవైపే. అది కేవలం కుడివైపు కొత్తగా కనిపించినా, పడుకున్నప్పుడు తగ్గకపోయినా మేము పొట్టను, మూత్రపిండాలను కూడా పరీక్షిస్తాము. సిరను పైన ఏదో అడ్డగిస్తున్నదేమో తెలుసుకోవడం అప్పుడు అవసరం.

వృషణ క్యాన్సర్ సంగతి ఇంకా స్పష్టమైన నిదర్శనం. అది లింఫ్ ద్వారా పాకితే చేరేది గజ్జలోని గ్రంథులకు కాదు, బృహద్ధమని పక్కన వెన్నుపూసల ముందున్న గ్రంథులకు. వృషణకోశపు చర్మం నుంచి వచ్చే లింఫ్ మాత్రం గజ్జలోకి పోతుంది. అందుచేత అనుమానం ఉన్న వృషణాన్ని వృషణకోశం కోసి తీయరు. గజ్జలో గాటు పెట్టి, పై నుంచి బయటికి లాగి తీస్తారు. రెండు లింఫ్ దారులూ ఒకదానితో ఒకటి కలవకుండా చూడడం దీని ఉద్దేశం. 15 నుంచి 35 ఏళ్ల వయసు పురుషుల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్లలో ఇది ఒకటి. తొలిదశలో గుర్తిస్తే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. నొప్పి లేని గడ్డ చేతికి తగిలితే సిగ్గుతో దాచుకోకూడదని మీ విద్యార్థులకు తప్పకుండా చెప్పండి.

ఇంకొకటి, ఇది నేను బాధతో రాస్తున్నాను. వృషణం తన తాడు (దాని రక్తనాళాలు, నరాలు, శుక్రవాహిక కలిసిన కట్ట) మీద తాను మెలిపడితే రక్తప్రసరణ ఆగిపోతుంది. దాన్ని టార్షన్ అంటారు. యుక్తవయసు అబ్బాయిల్లో ఎక్కువ. సుమారు 6 గంటల్లోపు మెలి విప్పగలిగితే వృషణం దక్కుతుంది. ఆలస్యమైన కొద్దీ ఆశ సన్నగిల్లుతుంది. ఇందాక చెప్పుకున్న నరాల కారణంగా కొందరు అబ్బాయిలకు మొదట తెలిసేది పొత్తికడుపు నొప్పి, వాంతులు. కింద నొప్పి ఉన్నా చెప్పడానికి సిగ్గుపడి "కడుపులో నొప్పి" అని మాత్రమే అంటారు. తల్లిదండ్రులు అజీర్తి అనుకుంటారు. పరీక్షించేవారు దుస్తులు తీయించకపోతే వారూ అదే అనుకుంటారు. మరునాడు ఆసుపత్రికి చేరిన అబ్బాయి వృషణాన్ని తీసేయవలసి వచ్చినప్పుడు, ఒక్క పాఠం సరిగా చెప్పి ఉంటే ఇది జరిగేది కాదు కదా అనిపిస్తుంది. అకస్మాత్తుగా మొదలైన కడుపునొప్పితో వాంతులవుతున్న అబ్బాయిని కింద కూడా చూడాలన్న మాట తరగతి గదిలో చెప్పడానికి సంకోచించకండి.


సమాధానం 3 (జంతుశాస్త్ర పరిశోధకుడు):

మాస్టారు గారి వివరణతో ఏకీభవిస్తూనే ఒక విషయం జోడించాలి. వృషణాలు బయటికి ఎందుకు వచ్చాయన్న ప్రశ్న వచ్చినప్పుడు, శుక్రకణాల ఉత్పత్తికి చల్లదనం కావాలి కాబట్టి వచ్చాయని చెప్పి పాఠం ముగిస్తారు. ఇందులో సగమే నిజం. మనిషిలో శుక్రకణాలు సరిగా తయారు కావాలంటే శరీరపు లోపలి వేడికన్నా 2 నుంచి 3 డిగ్రీల సెల్సియస్ తక్కువ వేడి అవసరమన్నది నిస్సందేహం. దానికి ఏర్పాట్లు కూడా ఉన్నాయి. వృషణ ధమని చుట్టూ సన్నని సిరలు వలలా అల్లుకుని ఉంటాయి. కింద చల్లబడి పైకి వెళ్తున్న రక్తం, లోపలికి వస్తున్న వేడి రక్తం నుంచి వేడిని తీసుకుంటుంది. క్రెమాస్టర్ కండరం చలికి వృషణాన్ని ఒంటికి దగ్గరగా లాగుతుంది, వేడికి వదులుతుంది. చర్మం కింది డార్టోస్ కండరం చర్మాన్ని ముడుతలు పడేలా చేసి వేడి పోయే వైశాల్యాన్ని తగ్గిస్తుంది.

అయితే ఏనుగులో వృషణాలు జీవితాంతం పొట్టలోనే, మూత్రపిండాల దగ్గరే ఉంటాయి. పక్షుల శరీరం మనకన్నా వేడిగా ఉంటుంది, అయినా వాటి వృషణాలు లోపలే ఉంటాయి. తిమింగలాలు, డాల్ఫిన్లలో కూడా లోపలే. వాటిలో రెక్కల వంటి భాగాల నుంచి, తోక నుంచి వచ్చే చల్లని రక్తం వృషణాల ధమనులను చుట్టుముట్టి చల్లబరుస్తుంది. మన శరీరానికి ఇప్పుడు చల్లదనం అవసరం అన్నది ఒక మాట. ఆ అవసరం వల్లనే వృషణాలు మొదట బయటికి వచ్చాయన్నది ఇంకో మాట. రెండవదానిపై ఇంకా వాదోపవాదాలు జరుగుతున్నాయి. విద్యార్థులకు ఈ రెండింటినీ వేరుచేసి చెబితే శాస్త్రీయంగా ఆలోచించడం వారికి అలవాటవుతుంది.


ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. టార్షన్ గురించి డాక్టరు గారు రాసినది వచ్చే తరగతిలోనే చెబుతాను. వాసెక్టమీ ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. అదీ కాక, శుక్రకణాలు బయటికి రాకపోతే లోపల పేరుకుపోయి ఏదైనా హాని చేస్తాయా అని కూడా అడుగుతున్నారు.


సమాధానం 1 (అదే అధ్యాపకుడు, తిరిగి):

దీనికి వృషణం లోపలి నిర్మాణం చూడాలి. వృషణం నిడివి సుమారు 4 నుంచి 5 సెంటీమీటర్లు ఉంటుంది. దాని చుట్టూ గట్టి తెల్లని పొర ఉంటుంది. ఆ పొర నుంచి లోపలికి వెళ్లే పలుచని గోడలు వృషణాన్ని సుమారు 250 గదులుగా విభజిస్తాయి. ఒక్కొక్క గదిలో ఒకటి నుంచి నాలుగు వరకు మెలికలు తిరిగిన శుక్రోత్పాదక నాళికలు ఉంటాయి. శుక్రకణాలు తయారయ్యేది ఆ నాళికల లోపల, సెర్టోలి కణాల పోషణలో. టెస్టోస్టిరాన్ తయారయ్యేది నాళికలకు బయట, వాటి సందుల్లో ఉన్న లేడిగ్ కణాల్లో. లేడిగ్ ఈ కణాలను 1850లోను, సెర్టోలి తన పేరు పొందిన కణాలను 1865లోను వర్ణించారు.

ఒకే అవయవంలో పక్కపక్కనే ఉన్నా ఈ రెండు ఉత్పత్తులూ బయటికి వెళ్లే దారులు పూర్తిగా వేరు. శుక్రకణాలు నాళికల నుంచి ఎపిడిడిమిస్‌లోకి, అక్కడి నుంచి శుక్రవాహికలోకి పోతాయి. టెస్టోస్టిరాన్ రక్తంలో కలిసి సిరల ద్వారా ఒళ్లంతా చేరుతుంది. వాసెక్టమీలో కత్తిరించేది శుక్రవాహికను మాత్రమే; సిరలు, ధమని యథాతథంగా ఉంటాయి. కాబట్టి గొంతు, గడ్డం, కండబలం, లైంగిక కోరిక, అంగస్తంభన వీటిలో దేనికీ ఈ శస్త్రచికిత్స అడ్డురాదు. అంగం గట్టిపడడం దానిలోని కావర్నోసా అనే, స్పాంజి లాంటి రెండు కణజాలపు స్తంభాల్లో రక్తం నిండడం వల్ల జరుగుతుంది. దానికీ శుక్రవాహికకూ సంబంధమే లేదు.

వీర్యం పరిమాణంలో వృషణాల, ఎపిడిడిమిస్‌ల వాటా సుమారు 2 నుంచి 5 శాతమే. మూడింట రెండు వంతుల దాకా శుక్రాశయాల నుంచి వస్తుంది. శుక్రకణాలకు శక్తినిచ్చే ఫ్రక్టోజ్ అందులో ఉంటుంది. మిగిలినదానిలో అధికభాగం ప్రోస్టేట్‌ది. శుక్రాశయాల స్రావం వల్ల వీర్యం మొదట గడ్డకడుతుంది. ప్రోస్టేట్ ఇచ్చే పీఎస్ఏ అనే ఎంజైము దాన్ని 15 నుంచి 30 నిమిషాల్లో మళ్లీ పలుచన చేస్తుంది. శుక్రాశయాలు, ప్రోస్టేట్ రెండూ కత్తిరించిన చోటుకు ఆవల, మూత్రాశయం వద్ద ఉన్నాయి కదా. అందువల్ల వాసెక్టమీ తర్వాత కూడా వీర్యం దాదాపు అంతే పరిమాణంలో వస్తుంది, అందులో శుక్రకణాలు మాత్రం ఉండవు.

పేరుకుపోవడం గురించి: శుక్రకణం తయారవడానికి రెండు నెలలకు పైగా పడుతుంది. తర్వాత ఎపిడిడిమిస్‌లో, సుమారు 6 మీటర్ల పొడవు ఉన్నా చుట్టలు చుట్టుకుని వృషణం వెనుక ఇమిడిపోయే ఆ ఒకే నాళంలో, అవి ఈదే శక్తిని సంతరించుకుంటాయి. బయటికి వెళ్లనివి అక్కడే పాతబడి, విచ్ఛిన్నమై, శరీరంలో కలిసిపోతాయి. వాసెక్టమీ చేయించుకోనివారిలో కూడా ఇది జరుగుతూనే ఉంటుంది.


సమాధానం 2 (అదే శస్త్రవైద్యుడు, తిరిగి):

దీనికి ఒక ముఖ్యమైన జాగ్రత్త చేర్చాలి. కత్తిరించిన చోటుకు ఆవల, శుక్రవాహికలో అప్పటికే ఉన్న శుక్రకణాలు వెంటనే పోవు. సుమారు మూడు నెలల తర్వాత వీర్యపరీక్ష చేయించి, శుక్రకణాలు లేవని తేలేవరకు వేరే గర్భనిరోధక పద్ధతి పాటించవలసిందే. ఈ ఒక్క మాట సరిగా చెప్పకపోవడం వల్ల శస్త్రచికిత్స తర్వాత గర్భం వచ్చి కుటుంబాల్లో అన్యాయమైన అనుమానాలు పుట్టిన సందర్భాలు ఉన్నాయి.

శుక్రవాహిక ఎలా ఉంటుందో కూడా చెప్పవచ్చు. వృషణకోశం పైభాగంలో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంటే, రెండు మూడు మిల్లీమీటర్ల మందంతో, గట్టిగా, జారుతూ తగులుతుంది. మందమైన కండరపు గోడ మధ్య లోపలి రంధ్రం మాత్రం అర మిల్లీమీటరు లోపే. స్ఖలన సమయంలో ఈ కండరం బలంగా సంకోచించి శుక్రకణాలను నెడుతుంది. అదే సమయంలో మూత్రాశయపు మెడ మూసుకుంటుంది కాబట్టి వీర్యం మూత్రాశయంలోకి పోదు. ప్రోస్టేట్ పెరిగినందుకు శస్త్రచికిత్స చేయించుకున్న పెద్దవారిలో కొందరికి ఆ మూత సరిగా పడదు. వీర్యం వెనక్కి మూత్రాశయంలోకి వెళ్లి తర్వాత మూత్రంతో వచ్చేస్తుంది. అది ప్రమాదకరం కాదు.


సమాధానం 1 (అధ్యాపకుడు):

బోధకురాలి గారికి చివరగా ఒక సూచన. పాఠ్యపుస్తకాల బొమ్మ సాధారణంగా మూత్రాశయం దగ్గర ఆగిపోతుంది, దానివల్లనే ఇన్ని ప్రశ్నలు వస్తున్నాయి. నల్లబల్ల మీద గీసేటప్పుడు దాన్ని పైకి పొడిగించి, రెండు మూత్రపిండాలు, మధ్యలో బృహద్ధమని, మహాసిర గీయండి. వృషణ ధమనులను అక్కడి నుంచి కిందికి దించండి. ఎడమ సిరను మూత్రపిండ సిరలోను, కుడి సిరను మహాసిరలోను కలపండి. మూత్రనాళాన్ని ఒక రంగుతో, దాని మీదుగా దాటే శుక్రవాహికను మరో రంగుతో గీసి, శిశువులో వృషణం మొదట ఉన్న చోటు చుక్కల గీతతో చూపండి. పక్క నుంచి చూసే కోత బొమ్మలో ఇదంతా చూపడం కుదరదు. ముందు నుంచి చూసే బొమ్మే గీయండి.